మోరి వారి పద్దు: హిరోషిమా నుంచి షిమొనొసెకి దాకా

మొదటి రోజు: హిరోషిమా

హిరోషిమా పేరు వింటే మనకి 1945 తప్ప మరో ఏడాది గుర్తు రాదు. బాంబు పడిన చోటు, శాంతి మ్యూజియం చూడకుండా ఆ ఊరు దాటి వెళ్లడం ఎవరివల్లా కాదు. పొద్దున మేమూ అక్కడే గడిపాం. దాని గురించి ఇక్కడ రాయను. మధ్యాహ్నం కోట వైపు నడిచాం. నేను వచ్చిన పని, అంటే ఈ వైపు ఏలిన మోరి దొరల కథ వెతకడం, మొదలయ్యేది అక్కడే.

ఈ ఊరికి పునాది వేసినవాడు మోరి తెరుమొతో. 1589లో ఓతా నది పాయలు సముద్రంలో కలిసేచోట, మేట వేసిన నేల మీద కోట మొదలుపెట్టాడు. అప్పటిదాకా మోరి వాళ్లది కొండల నడుమ యోషిదా అనే చోట కొండ కోట. తెరుమొతో తాత మొతొనారి అక్కడ ఓ చిన్న దొరగా బతుకు మొదలుపెట్టి, 1555లో మియాజిమా దీవి మీద తనకంటే ఎన్నో రెట్లు పెద్ద సైన్యాన్ని చిత్తు చేసి, రెండేళ్లలో యమగుచిని ఏలే ఓఉచి వంశాన్ని తుడిచిపెట్టి, పడమటి జపాన్‌కి పెద్ద దిక్కయ్యాడు. కొడుకుల్లో ఇద్దరిని కిక్కావా, కొబాయకావా అనే ఇరుగుపొరుగు వంశాలకి దత్తత పంపి ఆ రెండిళ్లనీ తన చేతిలోకి తెచ్చుకున్నాడు. కత్తి కంటే ఈ దత్తతలే ఆయనకి ఎక్కువ నేల సంపాదించిపెట్టాయని నా అభిప్రాయం.

ఇప్పుడు కనిపించే కోట బురుజు 1958లో కాంక్రీటుతో తిరిగి కట్టింది. పాతది బాంబుతోనే పోయింది. కందకం మాత్రం పాతదే.

నాతో వచ్చింది మా బావ. ఒసాకాలో ఓ కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. చరిత్ర అంటే ఆయనకి పెద్దగా పట్టదు. సెలవులున్నాయి, "వాడితో వెళ్లి రండి" అని అక్క అంది, వచ్చారు. కందకం గట్టున కూర్చుని, తెరుమొతో 11, 12 లక్షల కొకుల దొర అని నేను చెప్తుంటే మధ్యలో ఆపారు.

"కొకు అంటే ఏంట్రా? ఎకరాలా?"

ఎకరాలు కాదు. ఒక మనిషి ఏడాది తిండికి సరిపడే బియ్యం ఒక కొకు. సుమారు 150 కిలోలు. దైమ్యో అంటే సంస్థానాధీశుడు. అతని నేల ఎంత పెద్దదని ఎవరూ అడగరు, ఎన్ని కొకులు పండుతుందనే అడుగుతారు. హోదా, సైన్యం, షోగున్ (దేశాన్ని ఏలే సేనాధిపతి) సభలో కూర్చునే చోటు అన్నీ ఆ అంకె మీదే.

"అంటే బ్యాలెన్స్ షీట్ బియ్యంలో రాసేవాళ్లన్నమాట" అన్నారు. అప్పటినుంచి ఆయనకి కాస్త ఆసక్తి పుట్టింది.

సాయంత్రం మియాజిమా వెళ్లి వచ్చాం. నీళ్లలో నిలబడ్డ ఆ ఎర్రటి ద్వారం ఫోటోలు అందరూ చూసినవే.

రెండో రోజు: ఇవాకుని

హిరోషిమా నుంచి లోకల్ రైల్లో గంటలోపే ఇవాకుని. స్టేషన్ దగ్గర బస్సెక్కితే కింతాయ్ వంతెన. నిషికి నది మీద ఐదు చెక్క కమానులు వరసగా లేచి దిగుతూ ఉంటాయి. నడిచేటప్పుడు మధ్య కమానుల మీద మెట్లు ఎక్కి దిగుతున్నట్టే. కింద గులకరాళ్ల మీదకి దిగి తల ఎత్తి చూడటం మాత్రం మర్చిపోకూడదు. దుంగ మీద దుంగ కొంచెం కొంచెంగా ముందుకు జరిగి, రెండువైపుల నుంచీ వచ్చి నడుమ కలుసుకుంటాయి. బరువు పడేకొద్దీ బిగుసుకునే కట్టు. 1673లో కిక్కావా హిరోయొషి కట్టించాడు. మరుసటి ఏడే వరద ఎత్తుకుపోయింది. రాతి స్తంభాల పునాదులు గట్టిచేసి మళ్లీ కట్టారు. అది 1950 తుపాను దాకా నిలిచింది. ఇప్పుడున్నది దాని తర్వాతది, ఈ శతాబ్దం మొదట్లో చెక్క అంతా మార్చారు.

వంతెన చూడటానికి అందరూ వస్తారు. నేను వచ్చింది మాత్రం కిక్కావా వాళ్ల కోసం. మోరి కథలో వీళ్ల పాత్ర అటు విలన్ అనడానికీ లేదు, ఇటు హీరో అనడానికీ లేదు.

1600లో జపాన్ రెండుగా చీలింది. తూర్పున తొకుగావా ఇయెయాసు, పడమట అతన్ని ఎదిరించే కూటమి. అంకొకుజి ఎకెయ్ అనే సన్యాసి రాయబారి మాట విని తెరుమొతో పడమటి కూటమికి పేరుకి నాయకుడయ్యాడు. పేరుకే. ఒసాకా కోటలో కూర్చుని ఉండిపోయాడు. యుద్ధానికి వెళ్లింది అతని పినతండ్రి కొడుకు మోరి హిదెమొతో, ఇంకో పినతండ్రి కొడుకు కిక్కావా హిరోఇయే. ఇయెయాసే గెలుస్తాడని హిరోఇయేకి ముందే అర్థమైంది. లోపాయికారీగా కబురు పంపాడు: మేము కదలం, మా వంశం నేల జోలికి మీరు రావద్దు.

అక్టోబరు 21న సెకిగహారా మైదానంలో పోరు జరుగుతుంటే, పక్కన నంగూ కొండ మీద వేల మంది మోరి సైనికులు చూస్తూ నిలబడ్డారు. ముందు వరసలో ఉన్న హిరోఇయే కదలడు, వెనకున్న హిదెమొతోకి దారి లేదు. "ఎందుకు దిగరు?" అని పక్క శిబిరం నుంచి మనుషులొచ్చి అడిగితే హిదెమొతో ఏం చెప్పాలో తోచక "సైనికులు అన్నం తింటున్నారు" అన్నాడట. 'మంత్రిగారి ఖాళీ క్యారేజీ' అని ఇప్పటికీ జపాన్‌లో ఆ కథ చెప్పుకుంటారు. బావ పగలబడి నవ్వారు. "సంస్థానం పోతుంటే లంచ్ బ్రేకా!"

ఆ మధ్యాహ్నానికే యుద్ధం అయిపోయింది. ఇయెయాసు మాట తప్పాడు. కూటమి నాయకుడిగా తెరుమొతో ముద్ర వేసిన ఉత్తరాలు ఒసాకాలో దొరికాయి కాబట్టి ఒప్పందం చెల్లదన్నాడు. మోరి నేల మొత్తం లాక్కుని, సువో, నగతో అనే రెండు ప్రాంతాలు హిరోఇయేకి ఇనాముగా ఇస్తానన్నాడు. హిరోఇయే వద్దన్నాడు. ఆ రెండూ మా పెద్దింటికే ఇవ్వండని కాళ్లావేళ్లా పడ్డాడు. మోరి వంశం బతికింది ఆ వేడుకోలు వల్లే. కానీ సంస్థానాన్ని ముంచింది వీడేనని తర్వాత హగి ఊరికి చేరిన పెద్దింటివాళ్లు తరతరాలుగా గుర్రుగానే ఉన్నారు. 1868 దాకా ఇవాకుని కిక్కావాలకి దైమ్యో హోదా దక్కలేదు. కొండ మీద 1608లో కట్టుకున్న కోట కూడా ఏడేళ్లే నిలిచింది. గెలిచిన ఇయెయాసు వంశమే షోగున్ పీఠమెక్కి, ఒక సంస్థానానికి ఒకే కోట అని 1615లో చట్టం చేస్తే పడగొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడున్నది 1962 నాటి నకలు. కేబుల్ కారులో పైకి వెళ్లాం. కోట సంగతి ఎలా ఉన్నా పైనుంచి వంతెన బాగుంది.

తిండి గురించి ఒక్క మాట. శాకాహారులకి ఈ వైపు కష్టమే. కూరల్లో, పులుసుల్లో చేప రసం తప్పకుండా ఉంటుంది. ఇవాకుని తామరదుంపలకి పేరున్న ఊరు కాబట్టి వేయించిన తామరదుంప చిప్సు, ఉత్త అన్నంతో గట్టెక్కాం. బావ సంచిలో పచ్చళ్ల సీసా ఉందని రాత్రికి బయటపడింది.

మూడో రోజు: హగి

షిన్-ఇవాకునిలో షింకాన్‌సెన్ ఎక్కి షిన్-యమగుచిలో దిగి, అక్కడి నుంచి కొండల మీదుగా గంట బస్సు. జపాన్ సముద్రం ఒడ్డున, రెండు నదీపాయల మధ్య ఉంది హగి. 1604లో ఇదే దారిలో ఎక్కడో తెరుమొతో వచ్చి ఉంటాడు. పెద్ద ఓడరేవులూ రాదారులూ ఉన్న దక్షిణ తీరం వదిలి, షోగున్ కంటికి ఆనని ఈ మూలకి రావలసి వచ్చింది. కోటకి మూడు చోట్లు అడిగితే అన్నిటికంటే మారుమూల ఉన్న హగినే షోగున్ మనుషులు ఖాయం చేశారని అంటారు.

షిజుకి అనే కొండ సముద్రంలోకి చొచ్చుకుని ఉంది. ఎత్తు 143 మీటర్లు. దాని కాళ్ల దగ్గర కోట. ఐదంతస్తుల బురుజు ఉండేది. షోగున్ పాలన పోయాక, 1874లో కొత్త ప్రభుత్వ హయాంలో దాన్ని విప్పేశారు. ఇప్పుడు రాతి పునాది, కందకం, చెర్రీ చెట్లు. అరగంట ఎక్కితే కొండ నెత్తిన ఇంకో చిన్న గడీ శిథిలం. అక్కడ నాకు బాగా నచ్చినవి పెద్ద పెద్ద బండలు. వాటి మీద వరసగా అరచేయంత వెడల్పు గుంటలు. మేకులు దిగ్గొట్టి బండని చీల్చడానికి చేసిన గుర్తులు. కొన్ని బండలు సగం చీలి, మిగతా సగం అలాగే ఆగిపోయాయి. నాలుగు వందల ఏళ్ల కింద పనివాళ్లు సాయంత్రం సుత్తులు దింపి వెళ్లి, మళ్లీ రానట్టు.

దిగివచ్చి కోట గోడ నీడలో కూర్చున్నాం. బావ అసలు ప్రశ్న వేశారు. "12 లక్షల కొకులది ఎంతకి వచ్చింది?"

మొదట 3 లక్షలకి కొంచెం తక్కువ. తర్వాత కొలతలు వేసి అధికారికంగా 3,69,000 చేశారు. అంటే మూడో వంతు కంటే కాస్త తక్కువ.

"మరి ఉద్యోగులు?"

సరిగ్గా అక్కడే ఉంది మెలిక. చాలామంది సమురాయిలు దొరని వదలలేదు. జీతం లేకపోయినా సరే, మీ వెంటే వస్తాం అన్నారు. కొందరు సేద్యంలోకి దిగారు, మిగతావాళ్ల జీతాలు కోసేశారు. చిన్న సంస్థానానికి పెద్ద సంస్థానపు సమురాయి జనాభా. అది చాలదన్నట్టు, చేజారిన ఆరు ప్రాంతాల్లో ఆ ఏడాది అప్పటికే వసూలు చేసిన పన్నుని కొత్త దొరలకి తిరిగి కట్టమన్నారు. బావ తల పట్టుకున్నారు. "ఆదాయం మూడో వంతు, జీతాల బిల్లు దాదాపు అంతే, పైగా రీఫండ్. ఏ ఆడిటరూ సంతకం పెట్టడు."

ఈ పేదరికం గురించి ఒక పాత కథ ఉంది. జపాన్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. ఏటా కొత్త సంవత్సరం మొదటి రోజున మంత్రులు దొర ముందు మోకరిల్లి "షోగున్‌ని కూలదోసే వేళ వచ్చిందా ప్రభూ?" అని అడిగేవారట. "ఇంకా రాలేదు" అని దొర చెప్పేవాడట. పిల్లల్ని షోగున్ ఉండే ఎదో (ఇప్పటి టోక్యో) వైపు కాళ్లు పెట్టి పడుకోబెట్టేవారట. 260 ఏళ్ల పగ. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. చరిత్రకారులు మాత్రం దీన్ని కథగానే చూస్తారు. నాకూ నమ్మబుద్ధి కాదు. పగ పట్టినవాళ్లు ప్రతి సంస్థానంలోనూ ఉండేవారు. సెకిగహారాలో ఓడినవాళ్లు ఇంకెందరో. వాళ్లలో చాలామంది షోగున్‌ని దించలేకపోయారు కదా.

సాయంత్రం హొరిఉచి వీధుల్లో తిరిగాం. ఇక్కడ పెద్ద సమురాయిల ఇళ్లుండేవి. మట్టి గోడలు, దారి హఠాత్తుగా ఎడమకి, మళ్లీ కుడికి విరుగుతుంది. శత్రువు నేరుగా దూసుకురాకుండా కావాలని అలా కట్టారు. గోడల మీద నుంచి పసుపుపచ్చటి కాయలు వేలాడుతుంటాయి. నత్సుమికాన్, పుల్లటి కమలాలు. సమురాయిల కాలం నాటివనుకుంటాం చూడగానే. కావు. 1871లో సంస్థానాలు రద్దయ్యాక జీతాలు పోయి రోడ్డున పడ్డ సమురాయిల కోసం ఒబతా తకామసా అనే మనిషి 1876 నుంచి ఈ తోటలు వేయించాడు. పెరటి చెట్టు కాపే ఆ కుటుంబాలకి అన్నం పెట్టింది.

దుకాణాల్లో హగి మట్టిపాత్రలు. తేనీటి పరువు తెలిసినవాళ్లు వీటిని కళ్లకద్దుకుంటారు. లేత గులాబీ మెరుపు, సన్నటి పగుళ్లు, వాడేకొద్దీ టీ ఇంకి రంగు మారుతుంది. ఈ విద్య తెచ్చింది కొరియా కుమ్మరులు. 1590ల్లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయొషి కొరియా మీద దండెత్తినప్పుడు దొరలు అక్కడి పనివాళ్లని బలవంతంగా పట్టుకొచ్చారు. తెరుమొతో కూడా ఆ దొరల్లో ఒకడే. గిన్నె అందం గురించి బోర్డు మీద చాలా రాశారు, ఈ సంగతి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

నాలుగో రోజు: ఇంకా హగిలోనే

ఊళ్లో తిరిగే చిన్న బస్సులకి ఒకదానికి 'షోయిన్ సెన్సే', ఇంకోదానికి 'షిన్సాకు-కున్' అని పేర్లు. ఒకరు గురువు, ఒకరు శిష్యుడు. గురువుగారి బస్సెక్కి తూర్పు వైపు వెళ్లాం.

యోషిదా షోయిన్ 11 ఏళ్లకే దొర ముందు యుద్ధశాస్త్రం మీద ఉపన్యాసం ఇచ్చిన పిల్లాడు. 1854లో అమెరికా వెళ్లిపోదామని రాత్రిపూట పడవేసుకుని అమెరికా నౌకాదళాధికారి పెరీ ఓడ ఎక్కితే, వాళ్లు తిప్పి పంపేశారు. జైలు, తర్వాత గృహనిర్బంధం. అప్పుడే ఈ బడి నడిపాడు. ఒక గది, తర్వాత కలిపిన ఇంకో గది. అంతే. రెండేళ్లు నిండకుండా నడిచిన ఈ బడిలో కూర్చున్నవాళ్లలో ఇతో హిరోబుమి, యమగతా అరితొమో తర్వాత ప్రధానమంత్రులయ్యారు. షోయిన్‌ని మాత్రం 1859లో ఎదోలో తల నరికారు. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ఇప్పుడు ఆయనకి గుడి కట్టారు. పరీక్షలు రాసే పిల్లలు చీటీలు కట్టి మొక్కుకుంటున్నారు.

అందరూ కథని ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడే ముగిస్తారు. గురువు నూరిపోశాడు, శిష్యులు దేశాన్ని మార్చారు అని. మరి ఆ శిష్యులకి తుపాకులు ఎవరు కొనిచ్చారు? దానికి సమాధానం పక్కనే, పది పదిహేను నిమిషాల నడక దూరంలో ఉంది.

అది తోకో-జి. 1691లో మూడో దొర యొషినారి కట్టించిన జెన్ మఠం. గుడి వెనక చెట్ల కింద దాదాపు 500 రాతి దీపస్తంభాలు వరసలు తీరి ఉన్నాయి. నాచు పట్టి, కొన్ని పక్కకి ఒరిగి. దొర చనిపోతే సమురాయిలు వెంట ప్రాణాలు తీసుకునే ఆచారాన్ని షోగున్ 1663లో నిషేధించాక, ప్రాణానికి బదులుగా రాతి దీపం ఇవ్వడం మొదలైందని ఇక్కడ చెప్తారు. ఒక్కో స్తంభం మీద ఇచ్చినవాడి పేరు చెక్కి ఉంది. మోరి దొరల్లో మూడు నుంచి పదకొండు దాకా బేసి తరాలవాళ్లు ఇక్కడ, సరి తరాలవాళ్లు ఊరికి అవతల దైషో-ఇన్ మఠంలో. ఆగస్టు నడుమ పితృదేవతల పండగకి ఈ దీపాలన్నీ వెలిగిస్తారు.

ఐదు సమాధుల్లో ఒకటి ఏడో దొర షిగెతకాది. బావకి చూపించాలనుకున్నది ఇదే. ఈయన గురించి సినిమాల్లో రాదు. 1760ల మొదట్లో సంస్థానం అంతా మళ్లీ భూమి కొలిపించాడు. లెక్కల్లోకి రాని నేల బయటపడి 40 వేల కొకులకి పైగా కొత్త ఆదాయం తేలింది. అప్పుల్లో మునిగిన సంస్థానం ఆ సొమ్ముతో ఏం చేయాలి? అప్పు తీర్చాలి కదా. ఈయన అలా చేయలేదు. 1763లో బుయికు-కత అని వేరే కార్యాలయం పెట్టి, ఈ కొత్త ఆదాయం మొత్తం అటు మళ్లించాడు. మామూలు ఖర్చులకి, అప్పులకి దానిలోంచి పైసా తీయకూడదు. దాంతో ఉప్పు మడులు తవ్వించారు, రేవులు కట్టారు, కొత్త పొలాలు వేశారు. వచ్చిన లాభం మళ్లీ అందులోకే.

బావ సమాధి ముందు నిలబడి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పక్క ఖాతా" అన్నారు. "ఒకపక్క అప్పులవాళ్లకి మా దగ్గర లేదని చూపిస్తూ, ఇంకోపక్క పెంచుకుంటూ పోయాడు. నేను దండం పెట్టుకోవాల్సింది ఈయనకేరా." నిజంగానే చెప్పులు విప్పి దండం పెట్టారు.

అంతా సాఫీగా సాగిందని కాదు. సంస్థానం సరుకుల మీద గుత్తాధిపత్యం పెట్టి రైతుల దగ్గర చవగ్గా కొనడంతో 1831లో ఊళ్లకి ఊళ్లు తిరగబడ్డాయి. వ్యాపారుల ఇళ్లు, ఊరిపెద్దల ఇళ్లు కూలగొట్టారు. మామూలు ఖాతాలో అప్పు పెరుగుతూనే ఉంది. 1838లో పగ్గాలు పట్టిన మురాతా సేయిఫూ దాన్ని '80 వేల కన్ మహాశత్రువు' అన్నాడు. కన్ అంటే 3.75 కిలోలు. బావ ఫోన్ తీయకుండానే చెప్పారు: 300 టన్నుల వెండి. సేయిఫూ గుత్తాధిపత్యం సడలించాడు. షిమొనొసెకి జలసంధిలో ఆగే ఇతర సంస్థానాల ఓడల సరుకుకి గిడ్డంగులిచ్చి, సరుకు తాకట్టు మీద అప్పులిచ్చే వ్యాపారం పెంచాడు. సమురాయిల అప్పుల్ని 37 ఏళ్ల వాయిదాలకి మార్చాడు. అప్పులిచ్చినవాళ్లు ఊరుకుంటారా? 1844లో ఆయన దిగిపోవాల్సి వచ్చింది.

అప్పటి దొర తకాచికా. మంత్రులు ఏం చెప్పినా "అలాగే కానివ్వండి" అనేవాడని ఆయనకి ఆ మాటే బిరుదైపోయింది. వెటకారంగా పెట్టిన పేరే. కానీ తెలివైనవాళ్లు చెప్పేదానికి అడ్డు తగలకుండా ఉండటం కూడా ఒక విద్యే. పక్క సంస్థానాల్లో దొరలు తమ మనుషుల్నే చంపుకుంటున్న రోజులవి.

తిరిగి వచ్చేటప్పుడు ఇనుము కరిగించే కొలిమి చూశాం. పదిన్నర మీటర్ల జంట గొట్టాలు, 1856 నాటివి. ఇలాంటి కొలిమి ఉన్న సాగా సంస్థానం విద్య నేర్పనంటే, వడ్రంగి ఒకాయన చూసి గీసుకొచ్చిన బొమ్మతో కట్టారు. ప్రయోగం దగ్గరే ఆగిపోయింది, ఫిరంగులు పోతపోయలేదు. 2015లో యునెస్కో జాబితాకెక్కింది. చేసుకోలేనిది కొనుక్కోవాలి. కొనడానికి ఖజానా ఉంది.

ఐదో రోజు: యమగుచి, హోఫు

యమగుచిలో ఎక్కువసేపు ఆగలేదు. 1863లో తకాచికా రాజధానిని హగి నుంచి ఇక్కడికి మార్చాడు. అప్పటి కచేరీ ద్వారం ఇప్పటి ప్రిఫెక్చర్ ఆఫీసు ఆవరణలో ఉంది. 1442 నాటి ఐదంతస్తుల గోపురం చాలా అందమైనది, అయితే అది మోరి వాళ్లది కాదు, వాళ్లు తుడిచిపెట్టిన ఓఉచి వాళ్లది. దాని పక్కనే తకాచికా సమాధి. ఆ సమాధికి వెళ్లే రాతి దారి మీద చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది. కొట్టాం. వచ్చింది.

హోఫులో మోరి వాళ్ల భవనం ఉంది. సంస్థానం పోయాక మాజీ దొరల కుటుంబానికి, ఈ సంస్థానం నుంచే వచ్చి కొత్త ప్రభుత్వంలో పెద్దవాడైన ఇనోయె కవోరు చొరవతో కట్టింది, 1916లో పూర్తయింది. ఇప్పుడు మ్యూజియం. సెష్షూ గీసిన పొడుగాటి ప్రకృతిచిత్రాల చుట్ట ఇక్కడిదే. నేను ఆరాటపడింది మాత్రం ఒక ఉత్తరం కోసం. మొతొనారి 1557లో ముగ్గురు కొడుకులకి సొంత చేత్తో రాసింది, 14 అంశాలు. అది ఈ మ్యూజియం సొత్తు.

మొతొనారి మూడు బాణాల కథ జపాన్ పిల్లలందరికీ తెలుసు. ముసలి తండ్రి మంచం మీద నుంచి కొడుకులకి ఒక్కో బాణం ఇచ్చి విరవమంటాడు, మూడూ కలిపి విరవమంటాడు, విరగవు. ఉత్తరంలో బాణాల ఊసే లేదు. పెద్ద కొడుకు తకామొతో 1563లోనే చనిపోయాడు, తండ్రి పోయింది 1571లో. అసలు ఉత్తరం కథ కంటే బాగుంటుంది. మోరి పేరు నిలబెట్టండి, బయటివాళ్లు మనల్ని ద్వేషిస్తున్నారని కొడుకులకి కటువుగా చెప్పే తండ్రి కనిపిస్తాడు అందులో.

హోఫులోనే మితాజిరి. షిగెతకా గద్దె దిగాక ఇక్కడే విశ్రాంతి భవనంలో ఉండి, ఇక్కడే పోయాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఈ తీరమంతా ఒకప్పుడు ఉప్పు మడులు. ఉప్పు, బియ్యం, కాగితం, మైనం: మోరి వాళ్ల ఖజానాని నింపినవి ఇవన్నీ తెల్లటి సరుకులే. ఉప్పు మడులు పోయాయి, వాటి గుర్తుగా ఓ చిన్న పార్కు మాత్రం ఉంది. అక్కడ కాగుల కింద మంటపెట్టి ఉప్పు వండే పొయ్యి దగ్గర బావ చాలాసేపు నిలబడ్డారు. నేను పిలిస్తేగానీ రాలేదు.

ఆరో రోజు: చోఫు, షిమొనొసెకి

చోఫు మోరి వాళ్ల చిన్నింటి ఊరు. దీన్ని స్థాపించింది ఎవరనుకున్నారు? ఖాళీ క్యారేజీ హిదెమొతో. ఆయన తెచ్చిన పరువునష్టాన్ని తీర్చింది కూడా ఈ ఊరే అనొచ్చు.

1863 వేసవిలో చోషూ సంస్థానం, అంటే మోరి వాళ్లే, షిమొనొసెకి జలసంధిలో వెళ్లే పరదేశి ఓడల మీద ఫిరంగులు పేల్చింది. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే రోజుల్లో ఐదుగురు కుర్రాళ్లని దొంగతనంగా లండన్ పంపింది. ఇతో, ఇనోయె ఆ ఐదుగురిలోవాళ్లే. తుపాకులు కొనడానికి దాచిన సొమ్ము హామీగా పెట్టి 5,000 ర్యో (అప్పటి బంగారు నాణేలు) అప్పు తెచ్చారు. ఒక చేత్తో తెల్లవాడి మీద గుండు, ఇంకో చేత్తో తెల్లవాడి బడికి ఫీజు.

1864లో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. క్యోటోలో రాజభవనం గేటు దగ్గర పోరాడి ఓడారు. నాలుగు దేశాల 17 ఓడలొచ్చి షిమొనొసెకి ఫిరంగుల్ని ధ్వంసం చేశాయి. షోగున్ సైన్యం దండెత్తి వస్తే, శాంతి కోసం ముగ్గురు మంత్రులు ప్రాణాలు తీసుకున్నారు. లొంగిపోదామనే పక్షం గెలిచింది. అప్పుడు 1865 జనవరిలో, చోఫులోని కోజన్-జి గుడిలో తకాసుగి షిన్సాకు సుమారు 80 మందితో తిరుగుబాటు లేవదీశాడు. గుడిలోని బుద్ధమందిరం 1320 నాటిది, చెట్టు బెరడు పరిచిన కప్పు. ఆవరణలో గుర్రం మీద తకాసుగి విగ్రహం. సమురాయిలతో పాటు రైతుల్నీ పట్నం కుర్రాళ్లనీ కలిపి అంతకు ముందే ఆయన పెట్టిన కిహెయ్‌తాయ్ దళం తర్వాత వచ్చి చేరింది. కొన్ని వారాల్లో సంస్థానం వాళ్ల చేతికొచ్చింది.

అప్పుడు తెరిచారు షిగెతకా పెట్టె. అదే ఏడాది ఇతో, ఇనోయె నాగసాకి వెళ్లి, సత్సుమా సంస్థానం పేరు మీద గ్లవర్ కంపెనీ దగ్గర 4,300 మినియే రైఫిళ్లు, 3,000 పాత రకం తుపాకులు కొన్నారు. మొత్తం 92,400 ర్యో. షోగున్ నిషేధం ఉంది కాబట్టి సొంత పేరు పెట్టలేరు. రెండు సంస్థానాల మధ్య రాయబారం నడిపిన సకామొతో ర్యోమా మనుషులు సాయం పట్టారు. 1866లో నాలుగు దిక్కుల నుంచి షోగున్ సైన్యం వస్తే, ఎక్కువ దూరం గురి చూసి కొట్టే ఈ రైఫిళ్లే నిలబెట్టాయి. షోగున్ ఇయెమొచి ఒసాకాలో జబ్బుచేసి చనిపోయాడు, యుద్ధం చప్పబడింది. రెండేళ్లు తిరక్కుండా షోగున్ వ్యవస్థే పోయింది. తకాసుగి మాత్రం అది చూడలేదు. 1867లో క్షయతో పోయాడు, 27 ఏళ్లకి.

షిమొనొసెకిలో జలసంధి ఒడ్డున, పెద్ద వంతెన కింద ఆ ఫిరంగుల నకళ్లు పెట్టారు. 100 యెన్ల బిళ్ల వేస్తే ఒకటి ధన్‌మని మోగి పొగ వదుల్తుంది. బావ రెండుసార్లు వేశారు. పక్కనున్న జపాన్ పిల్లలు ఆయన్ని చూసి చప్పట్లు. అసలు ఫిరంగులు గెలిచినవాళ్లు పట్టుకుపోయారు. పారిస్‌లో ఉన్నవాటిలో ఒకటి అప్పు మీద ఇక్కడికి తిరిగొచ్చింది.

"ఈ కాల్పులకి నష్టపరిహారం ఎవరు కట్టారు?" అడిగారు బావ.

30 లక్షల డాలర్లు. కాల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది కాబట్టే కాల్చామని చోషూ చేతులు దులుపుకుంది. బిల్లు షోగున్ నెత్తిన పడింది. సగం కట్టేసరికి షోగున్ ప్రభుత్వమే కూలిపోయింది. మిగతా సగం కొత్త మేజీ ప్రభుత్వం మీద పడింది. ఆ ప్రభుత్వంలో 1871 నుంచి 1873 దాకా ఆర్థిక శాఖ నడిపింది ఇనోయె కవోరు. 1874కి అప్పు తీరింది. 1883లో అమెరికా తన వాటా తిరిగిచ్చేసింది.

"పక్క ఖాతా నుంచి మాత్రం కట్టి ఉండరు" అన్నారు బావ.

ఫిరంగుల దగ్గరే సముద్రం కింద నడిచి వెళ్లే సొరంగం ఉంది, 780 మీటర్లు. నడిచేవాళ్లకి డబ్బు తీసుకోరు. బావ ఆ మాట వినగానే లిఫ్టు వైపు నడిచారు. అవతలి క్యూషూ దీవి వైపు తేలి, కొకురాకి రైలెక్కాం. 1866లో చోషూ సైన్యం అటు దాటినప్పుడు కొకురా వాళ్లు తమ కోటకి తామే నిప్పుపెట్టుకుని పారిపోయారు. రేపు చూద్దామా అంటే బావ ఒప్పుకున్నారు, అక్కకి ఫోన్ చేసి చెప్పే బాధ్యత మాత్రం నాదేనన్నారు.